మద్యనిషేధ నగరంలో ద్రాక్షాసవ విద్య

2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. గాంధీ జయంతి నాడు మద్యం దుకాణాలు తెరవరాదన్నది ప్రభుత్వ నిబంధన. దసరా నాడు ముక్కా చుక్కా ఉండవలసిందేనన్నది తెలంగాణ ఆచారం. ఈ రెంటి నడుమ చిక్కిన జనం ముందురోజే వైన్స్ దుకాణాల ఎదుట బారులు తీరారు. ఆ దృశ్యాలు చూసి గుజరాత్‌లోని తెలుగువారు కొందరు నవ్వుకున్నారు. వారు నివసించే రాష్ట్రం 1960 మే 1న ఏర్పడింది. బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన మద్యనిషేధ చట్టం దానికి వారసత్వంగా సంక్రమించింది. నాటి నుంచి అక్కడ ప్రతి దినమూ అక్టోబరు 2వ తేదీయే.

సూరత్ నగరపు నైరుతి దిక్కున ఉన్న పేట ఆల్థాన్. ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు బహుళ అంతస్తుల నివాసాలు వరుసగా నిలబడి ఉన్నాయి. దాని పొరుగునే ఉన్న భీమరాడ్‌లో 1930 ఏప్రిల్‌లో, దండి తర్వాత, గాంధీ మళ్లీ ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. అన్యాయమైన చట్టాన్ని బహిరంగంగా ధిక్కరించడానికి ప్రసిద్ధి చెందిన నేల అది. ఆయన పేరున నడుస్తున్న చట్టాన్ని మాత్రం అక్కడ అందరూ రహస్యంగానే ధిక్కరిస్తారు.

ఆల్థాన్‌లోని అటువంటి నివాస సముదాయాల్లో ఒకదానిలో నూలు దళారీ వ్యాపారం చేసుకునే ఒక తెలుగు గృహస్థు కొన్నేళ్లుగా వైన్ గురించి చదువుతున్నాడు. తాగుతున్నాడు అనడం కంటే చదువుతున్నాడు అనడమే న్యాయం. సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబం వారిది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే ఆ వలస ఎంత పెద్దదో ఊహించవచ్చు. అతడు చదివినదీ అటువంటి బడిలోనే. పాలియెస్టర్ నూలును వేళ్ల మధ్య నలిపి దాని డెనియర్ చెప్పగల మనిషికి, నాలుక మీద ఒక ద్రవాన్ని నిలిపి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవారు ప్రపంచంలో ఉన్నారని తెలియడమే ఈ వ్యాసంగానికి నాంది.

సీసా దొరకని ఊళ్లో ఈ విద్య ఎలా అలవడుతుంది? అతడు కనిపెట్టిన పద్ధతి చెప్పుకోదగినది. పులుపు గురించి తెలుసుకోవడానికి నిమ్మరసాన్ని మూడు గాఢతలుగా కలిపి పెట్టుకుని రుచి చూశాడు. వైన్ గ్రంథాలన్నీ ఒక పుటకైనా కేటాయించే టానిన్ గురించి తెలుసుకోవడానికి తేయాకును పది నిమిషాలు మరిగించి, పాలూ పంచదారా లేకుండా తాగాడు. చిగుళ్లు బిగుసుకుని, నాలుక ఆరిపోయినట్లయింది. ఆ అనుభూతికి మాట వెతుక్కోవలసిన అవసరం తెలుగువాడికి లేదు. అది వగరు. మామిడి పిందె కొరికినా, పచ్చి అరటికాయ దూట తిన్నా, నేరేడు పండు తిని నాలుక చూసుకున్నా తెలిసేది అదే. షడ్రుచుల్లో కషాయానికి ఒక స్థానమిచ్చి, ఏడాదికొకసారి ఉగాది పచ్చడిలో దానిని పిల్లల చేత కూడా తినిపించే జాతికి ఎర్ర వైన్ తొలి పాఠం సగం వచ్చినట్లే.

రెండవ పాఠం సువాసనలది. అక్కడ పుస్తకాలు అతడిని ఇబ్బంది పెట్టాయి. కేబర్నే సోవిన్యోన్‌లో బ్లాక్‌కరెంట్ వాసన ఉంటుందంటారు. ఆ పండు సిరిసిల్లలో లేదు, సూరత్‌లో లేదు, అతడి వంశంలో ఎవరూ చూడలేదు. గూస్‌బెర్రీ కూడా అంతే. ఈ శాస్త్ర పరిభాషను ఇంగ్లండు పెరటి తోటల్లో తయారుచేశారు. కాబట్టి అతడు తన పరిభాష తాను కట్టుకున్నాడు. సోవిన్యోన్ బ్లాంక్‌కు దోరజామకాయ, తుంచిన పచ్చిగడ్డి, కొద్దిగా పచ్చిమిరప. షిరాజ్‌కు నేరేడు, దంచిన మిరియం. షెనిన్ బ్లాంక్‌కు తేనె, బేరికాయ, బాగా పండిన అనాస. ఆదివారాలు కూరగాయల మార్కెట్‌కు వెళ్లి జామకాయలు వాసన చూసి, కొనకుండా తిరిగివచ్చే ఈ మనిషిని బండివాళ్లు వింతగా చూసేవారు. చట్టం దేనినైనా నిషేధించగలదు కాని జామకాయ వాసనను నిషేధించలేదు.

విచిత్రమేమిటంటే, ఈ నగరానికి వైన్‌తో ఉన్న సంబంధం గుజరాత్ రాష్ట్రం కంటే, మద్యనిషేధం కంటే చాలా పాతది. పదిహేడవ శతాబ్దంలో మొఘల్ సామ్రాజ్యానికి ప్రధాన రేవు సూరత్. ఇంగ్లీషు, డచ్చి వర్తకుల కోఠీలు ఇక్కడ ఉండేవి. వారి బల్లల మీద పర్షియా దేశపు షిరాజ్ నుంచి ఓడల్లో వచ్చిన వైన్ ఉండేది. ఇంగ్లండు నుంచి బయలుదేరి, చాలా దూరం కాలినడకన హిందూదేశానికి వచ్చిన యాత్రికుడు టామస్ కోరియట్ 1617 డిసెంబరులో సూరత్‌లోనే మరణించాడు. అప్పటికే అతడు గ్రహణితో బాధపడుతున్నాడు. స్వదేశీయులైన వర్తకులు ఆదరంతో ఇచ్చిన స్పెయిన్ దేశపు వైన్ తాగడంతో వ్యాధి ముదిరిందని సమకాలికుడు ఎడ్వర్డ్ టెర్రీ రాశాడు. 1638లో ఇక్కడికి వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో ఇంగ్లీషువారు తాగే ఒక మిశ్రమ పానీయాన్ని పేర్కొన్నాడు. అదే తరువాత లోకానికి పంచ్‌గా పరిచయమైంది. ఐదు అనే మన మాటే దానికి మూలమని అనేకుల అభిప్రాయం.

అయితే కోఠీల్లోని వైన్ కథ ఒకటి, చుట్టుపక్కల అడవుల్లోని కల్లు కథ మరొకటి. దక్షిణ గుజరాత్ ఆదివాసులకు ఈతకల్లు ఆహారంలో భాగం, పూజలో భాగం. ఆంగ్ల ప్రభుత్వం 1878లో ఆబ్కారీ చట్టంతో ఆ కల్లును ఆదాయ వనరుగా మార్చింది. కాంట్రాక్టులు ఎక్కువగా పార్శీ వ్యాపారుల చేతికి వెళ్లాయి. ఆదివాసి తన చెట్టు కల్లు తాను తాగితే నేరమైంది, దుకాణంలో కొని అప్పులపాలైతే చట్టబద్ధమైంది. 1922-23లో ఆదివాసులు దేవి ఆజ్ఞగా భావించి మద్యాన్నీ కల్లునూ మానివేసి, పార్శీ వ్యాపారుల భూముల్లో పనిని బహిష్కరించారు. చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ ఈ ఉద్యమం మీద ఒక పూర్తి గ్రంథమే రాశారు. మద్యనిషేధం పైవర్ణాల ఛాందసం మాత్రమేనని కొట్టిపారేసేవారు ఈ అధ్యాయాన్ని చదవాలి. తాగుడు మానడం అక్కడ ఒక ఆర్థిక తిరుగుబాటు. డెబ్బై ఏళ్ల తరువాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినప్పుడు కూడా జరిగినది అదే. అక్షరాస్యతా వాచకంలోని ఒక పాఠం ఆ నిప్పు రాజేసింది.

ఆల్థాన్ గృహస్థుకు ఈ చరిత్ర పుస్తకాల్లో చదివినది మాత్రమే కాదు. అతడి తండ్రి సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాడు. ఎన్టీఆర్ ప్రభుత్వం వారుణి వాహిని పేరిట సారాను పొట్లాల్లో అమ్మిన రోజుల్లో అతడికి తాగుడు పట్టుబడింది. 1991లో తల్లి పట్టుబట్టి కుటుంబాన్ని సూరత్‌కు తరలించింది. కూలి ఎక్కువన్నది పైకి చెప్పిన కారణం. ఆ రాష్ట్రంలో సారా దొరకదన్నది ఆమె మనసులోని కారణం. దిగిన మూడవ రోజునే మగ్గాల వాడలో ఆమెకు పోట్లీ అనే మాట పరిచయమైంది. ప్లాస్టిక్ సంచిలో నాటుసారా. ధర తక్కువ, ఘాటు ఎక్కువ, ముద్ర లేదు, దుకాణం లేదు, అమ్మేవాడి పేరు అందరికీ తెలుసు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయానికి లక్షలాది మంది నగరం విడిచిపోయినప్పుడు వారూ సిరిసిల్లకు వెళ్లి, భయం తగ్గాక తిరిగివచ్చారు. తండ్రి 1998లో కాలేయం పాడై చనిపోయాడు. ప్రభుత్వమే అమ్మిన చోట తాగాడు, ప్రభుత్వం నిషేధించిన చోటా తాగాడు. రెండు విధానాలూ ఆ ఒక్క శరీరం మీద పరీక్షకు నిలిచాయి.

ఇంతటితో మద్యనిషేధం విఫలమైందని తేల్చివేయడం సులభం. 2009 జులైలో అహ్మదాబాద్‌లో కల్తీసారా నూట ముప్పై మందికి పైగా ప్రాణాలు తీసింది. కల్తీసారాతో మరణాలు సంభవిస్తే మరణశిక్ష వరకు విధించవచ్చునని ఆ ఏడాదే గుజరాత్ శాసనసభ సవరణ బిల్లును ఆమోదించింది. అయినా 2022 జులైలో బోటాద్ ప్రాంతంలో మిథనాల్ కలిసిన సారా తాగి నలభై మందికి పైగా చనిపోయారు. గణాంకాలు ఇలా ఉంటే తల్లి మాట వేరుగా ఉంది. ‘బందు లేకుంటే ఇంకా తొందరగ పోయేటోడు రా. దొంగతనంగ తాగాలె గనుక పొద్దుగూకే దాక ఆగేటోడు. ఆ పొద్దుగూకే దాక మగ్గం నడిచింది, మీరు బడికి పోయిండ్రు.’ తాగేవాడిని నిషేధం ఆపలేకపోవచ్చు, కాని కొన్ని గంటలు ఆలస్యం చేసింది. ఆ గంటల మీద ఒక కుటుంబం నిలబడింది. ఉదారవాదులు రాసే సంపాదకీయాల్లో ఈ గంటల లెక్క ఎన్నడూ కనిపించదు.

మరి అటువంటి ఇంటి కొడుకు వైన్ పాఠాలు ఎందుకు చదవాలి? అతడు చెప్పుకునే సమాధానం ఒకటుంది. తన తండ్రి ఏనాడూ దేని రుచీ చూడలేదని. గొంతులో పోసుకుని కళ్లు మూసుకోవడమే అతడికి తెలిసిన విద్య. రుచి కోసం తాగేవాడు ఒక గ్లాసు దగ్గర ఆగగలడా అన్నది కొడుకు ప్రశ్న. ఈ ప్రశ్నకు శాస్త్రం పెద్దగా అండగా నిలవదు. ఏ మోతాదులోనైనా మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైన్ గుండెకు మేలు చేస్తుందన్న పాత ప్రచారాన్ని నమ్ముకుని గ్లాసు ఎత్తవలసిన పని లేదు.

అయినా ఒక లెక్క చూడవచ్చు. మన దుకాణాల్లో అమ్మే విస్కీలో, బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో శుద్ధ ఆల్కహాల్ సుమారు 77 మిల్లీలీటర్లు. పన్నెండున్నర శాతం బలమున్న 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో అది సుమారు 94. ఒక వైన్ సీసా ఐదుగురు భోజనంతో పంచుకునేది. క్వార్టర్ ఒకడు పర్మిట్ రూములో నిలబడి పావుగంటలో ముగించేది. రెంటిలో ఉన్న మత్తు దాదాపు సమానమే.

ఇక ధర చూడాలి. అసలు రాజకీయమంతా అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరు నుంచి కొత్త విధానంలో క్వార్టర్‌ను 99 రూపాయలకు అందుబాటులోకి తెచ్చింది. పేదవాడికి నాణ్యమైన మద్యం అన్నది నినాదం. ఒక మామూలు దేశీయ వైన్ సీసా వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ డబ్బుతో పది క్వార్టర్లు వస్తాయి. చౌకగా ఎక్కువ మత్తు కావాలనుకునేవాడు ఏది కొంటాడో చెప్పనక్కరలేదు. మద్యం మీద పన్నును ఆల్కహాల్ పరిమాణాన్ని బట్టి వేసే దేశాలున్నాయి. మన రాష్ట్రాలు ఖజానాను బట్టి వేస్తాయి. ఖజానాకు క్వార్టర్ కావాలి.

తెలుగునాట మద్యం దుకాణం పేరే ఈ వ్యవహారాన్ని పట్టి ఇస్తుంది. వైన్స్ అని బోర్డు ఉంటుంది. లోపల ఇనుప జాలీ, జాలీలో చేయి పట్టేంత రంధ్రం, దాని వెనుక విస్కీ, బ్రాందీ, బీరు. వైన్ మాత్రం ఉండదు, ఉంటే మూలన దుమ్ము పట్టిన తియ్యటి పోర్ట్ సీసా ఒకటి. సీసాను చేతిలోకి తీసుకుని వెనుక చీటీ చదివే వీలు లేదు. ఇది ఏ ఏటిదని అడిగితే వెనుక నిలబడిన పదిమంది ఊరుకోరు. హైదరాబాద్‌లో లోపలికి వెళ్లి చూసుకునే పెద్ద దుకాణాలు వచ్చాయి, నిజమే. జిల్లా కేంద్రం దాటితే జాలీయే రాజ్యమేలుతుంది. గుజరాత్‌లో తాగేవాడు నేరస్థుడు. తెలుగు రాష్ట్రాల్లో అతడు పన్ను చెల్లింపుదారు. ఇది నాకు సరిపడుతుందా అని అడిగి తెలుసుకునే కొనుగోలుదారుగా అతడిని రెండు చోట్లా ఎవరూ చూడరు.

ఈ విషయంలో కాస్త భిన్నంగా ఆలోచించినది మహారాష్ట్ర. ద్రాక్ష రైతును ఆదుకోవాలన్న ఉద్దేశంతో 2001లో ద్రాక్ష ఆధారిత వైన్ పరిశ్రమకు ప్రత్యేక విధానం తెచ్చి, స్థానిక ద్రాక్షతో చేసిన వైన్‌కు ఎక్సైజు సుంకం మినహాయించింది. నాసిక్ చుట్టూ వైనరీలు వెలిశాయి. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి అక్కడి మంత్రివర్గం అనుమతించగానే, నాడు ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ రాష్ట్రాన్ని మద్యరాష్ట్రంగా మారుస్తున్నారని దుమారం లేపింది. అన్నా హజారే నిరాహారదీక్ష చేస్తానన్నారు. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, నిర్ణయం అటకెక్కింది. గుజరాత్‌లో మాత్రం అదే బీజేపీ ప్రభుత్వం 2023 డిసెంబరులో గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీలో ఉద్యోగులకూ అతిథులకూ హోటళ్లలో, క్లబ్బుల్లో మద్యం సేవించే వెసులుబాటు కల్పించింది. విదేశీ పెట్టుబడి వచ్చే చోట నిషేధానికి ఒక కిటికీ తెరుచుకుంటుంది. నాలుగు గోడల మధ్య తాగే హక్కు తమకుందని వాదిస్తూ సామాన్య పౌరులు వేసిన పిటిషన్లు విచారణకు అర్హమైనవేనని గుజరాత్ హైకోర్టు 2021 ఆగస్టులో చెప్పింది. ఆల్థాన్ పౌరుడు ఆ తీర్పు కోసం ఎదురుచూస్తున్నవారిలో ఒకడు. గిఫ్ట్ సిటీలో అతడికి ఉద్యోగం లేదు.

అందుకే ఏడాదికి రెండుసార్లు సాపుతారా ఘాట్ మీదుగా నాసిక్ వెళతాడు. డామన్ దగ్గరే, అక్కడ మద్యం చౌక కూడా. కాని డామన్‌లో తాగినవారిని తిరుగు దారిలో సరిహద్దు దగ్గర పోలీసులు ఆపి నోటి వాసన పరీక్షిస్తారు. డిసెంబరు 31 రాత్రి అది ఒక జాతరలా ఉంటుంది. అతడు నాసిక్‌లో రాత్రి బసచేసి, మరునాడు ఖాళీ చేతులతో తిరిగివస్తాడు. సీసా ఒక్కటి కూడా సరిహద్దు దాటించడు. ఇందులో చట్టం మీది గౌరవం కంటే తల్లి మీది భయమే ఎక్కువని అతడి భార్య అంటుంది.

శరత్తులో నాసిక్ వెళ్లినవాడికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. పుస్తకాల్లో శరదృతువంటే ద్రాక్ష కోత, తొక్కుడు, పండుగ. అది ఐరోపా మాట. దక్కనులో అక్టోబరు కొమ్మలు కత్తిరించే కాలం. శీతాకాలంలో నిద్రపోయే అలవాటు ఇక్కడి తీగకు లేదు. కనుక రైతు ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరు-అక్టోబరుల్లో మరోసారి కత్తిరించి దానిని దారిలో పెడతాడు. కోత జనవరి చివర మొదలై మార్చిలో ముగుస్తుంది. మనవాళ్లు వేసవికి ముందే కోసిన పంటతో చేసిన తెల్ల వైన్ అక్టోబరు నాటికి సీసాలో స్థిమితపడి, ఇంకా తాజాగా ఉంటుంది. మన శరత్తుకు తగిన వైన్‌ను ఈ పంచాంగాన్ని చూసే వెతుక్కోవాలి. విదేశీ పత్రికలు అక్టోబరులో బరువైన ఎర్ర వైన్లు సిఫారసు చేస్తాయి, వారికి అప్పుడు చలి మొదలవుతుంది గనుక. సూరత్‌లో అక్టోబరు మధ్యాహ్నం ముప్పై ఐదు డిగ్రీలు.

నాలుగైదేళ్ల ప్రయాణాల్లో అతడికి చేతికందిన తీర్మానాలు కొన్ని ఉన్నాయి. మన తిండికి షెనిన్ బ్లాంక్‌ను మించినది లేదు. నాసిక్‌లో సులా, యార్క్ వంటివారు చేసే షెనిన్‌లో లేత తీపి ఉంటుంది. కారానికి ఆ తీపి కళ్లెం వేస్తుంది, చింతపండు పులుపుకు దాని పులుపు దీటుగా నిలుస్తుంది. గోంగూర మాంసంతో, పులిహోరతో వగరు ఎక్కువైన ఎర్ర వైన్ తాగితే మిరప మంట రెండింతలవుతుంది, వైన్ చేదెక్కుతుంది. ఎర్రదే కావాలంటే షోలాపూర్ జిల్లా అక్లూజ్ ప్రాంతపు ఫ్రాటెల్లి వారి సాంజియోవేజే తేలిక. బెంగళూరు దగ్గర నంది కొండల్లో మొదలైన గ్రోవర్ వారి కేబర్నే-షిరాజ్ కూడా కాల్చిన మాంసానికి కుదురుతుంది. వీటిని గది ఉష్ణోగ్రతలో తాగాలని చీటీల మీద రాస్తారు. ఆ గది ఏ ఫ్రాన్సు పల్లెలోదో. ఇక్కడ ఎర్ర సీసాను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి, తెల్లదాన్ని మూడు గంటలు.

దుకాణంలో ఎండ తగిలే అద్దాల వెనుక నిలబెట్టిన సీసా ఎంత చవకైనా ముట్టరాదు. వేడికి ఉడికిన వైన్‌లో ఉడకబెట్టిన కిస్‌మిస్ వాసన తప్ప మరేమీ మిగలదు. తెల్ల వైన్ అయితే చీటీ మీది సంవత్సరం రెండేళ్లు దాటకూడదు. పాతబడితే వైన్ బాగుపడుతుందన్న నమ్మకం వెయ్యి రూపాయల సీసాకు వర్తించదు. మరమూత ఉన్న సీసాను తక్కువగా చూడనక్కరలేదు, మన ఎండలకు బెరడు కంటే మరమూతే నమ్మకం. శరత్‌పూర్ణిమ మరునాడు సూరత్ అంతా చందనీ పడవో జరుపుకుని, నెయ్యి కారే ఘారీ మిఠాయి తింటుంది. ఘారీకి ఎదురు నిలవగలది ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే తియ్యటి వైన్ ఒక్కటే. ఈ జోడింపును అతడు ఊహలో మాత్రమే రుచి చూశాడు. ఘారీని నాసిక్ దాకా మోసుకెళితే నెయ్యి కారిపోతుంది.

తెలుగు నేల మీద ఇటువంటి వైన్ ఎందుకు పుట్టలేదన్నది మరో ప్రశ్న. హైదరాబాద్ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరుపడ్డది. అది తినే పండు, పెద్దది, నీరెక్కువ. వైన్‌కు కావలసినది చిన్న పండు, మందపాటి తొక్క. రంగారెడ్డి జిల్లాలో ఆ తినే ద్రాక్ష తోటలు కూడా చాలావరకు ఇళ్ల స్థలాలయ్యాయి. హైదరాబాద్ పారిశ్రామికవేత్తలు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు తమ పేర్లు కలిపి స్థాపించిన కృష్మా ఎస్టేట్స్ తోట వేసినది కర్ణాటకలోని హంపి కొండల దగ్గర. దాని వైన్లకు మంచి పేరుంది, ధర మాత్రం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు.

2025 దసరాకు ఆ కుటుంబం సిరిసిల్ల వెళ్లింది. దారిలో హైదరాబాద్‌లో అతడు ఒక షెనిన్ సీసా కొన్నాడు. తొమ్మిది వందల చిల్లర. నాసిక్‌లో అదే సీసా ఇంకా తక్కువకు వస్తుందని తెలిసి కొంచెం బాధపడ్డాడు కూడా. తల్లి ఎదుట సీసా తెరవడం అదే మొదటిసారి. దాచిపెట్టి తాగే తండ్రికి కొడుకుగా పుట్టినవాడు దాచకూడదని నిశ్చయించుకున్నాడు.

పండుగ మధ్యాహ్నం జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంకా పొద్దుంది. బావ ముందురోజు బారులో నిలబడి తెచ్చుకున్న క్వార్టర్లు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ‘ఏం బామ్మర్దీ, గీ నీళ్ల కోసం గంత చదువు చదివినవా?’ అని నవ్వాడు. గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగి, ఏమీ ఎక్కలేదని తిరిగి ఇచ్చేశాడు. తల్లి దూరం నుంచి అన్నీ చూస్తూ కూర్చుంది. చివరికి సీసా ఇటు తెమ్మన్నది. మూతి దగ్గర వాసన చూసింది. పోట్లీ వాసన ఆమెకు తెలుసు, ఇది అది కాదు.

‘ఎంత పడ్డది?’

‘తొమ్మిది వందలు, అవ్వా.’

‘మీ బాపు సూరత్ల దిగిన కాడ నెల జీతం గంతే.’ కాసేపాగి అడిగింది. ‘అయిపోతే ఇంకోటి తెస్తవా?’

‘తేను. ఇయ్యాల దుకాణాలే లెవ్వు.’

‘దుకాణాలు ఉంటే?’

అతడు వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె సగం మిగిలిన సీసాకు మూత బిగించి, లోపలి గదిలోని ఇనుప బీరువాలో చీరల పక్కన పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

‘అవ్వా, ఫ్రిజ్జుల పెట్టాలె. బీరువల పెడితే రెండు రోజులల్ల పులుస్తది.’

‘పులిస్తె పులవనీ,’ అని ఆమె వంటింట్లోకి వెళ్లింది.